గంట కొట్టాక

గంట మోగింది. ఎర్ర బనియను పిల్ల చేతులు దించేసి తన మూలవైపు సగం తిరిగింది. అప్పుడు పడింది దెబ్బ. వెనకనుంచి సుడి తిరిగి వచ్చిన కుడిచెయ్యి ఎడమ చెవిమీద దబ్బున తగిలింది. తలకు కట్టుకున్న తోలు కవచం కళ్ళమీదికి జారిపోయింది. ఆ పిల్ల రెండడుగులు నడిచింది. మూడో అడుగు ఎక్కడ వెయ్యాలో తెలియక తాడు పట్టుకుని, అలాగే మోకాళ్ళమీద కూలబడింది.

కొట్టిన నీలం బనియను పిల్లకేసి చూస్తూ మూడో వరసలో కూర్చున్న ఒకాయన "ఆమేన్" అన్నాడు. ఆయన ఆ కొట్టిన పిల్లకి తండ్రి.

ఆ మాట ఆయన నోట్లో ఎప్పుడూ నానుతూ ఉండేదే. మాంసం కొట్టులో మొద్దుమీద కత్తి దిగిన ప్రతిసారీ ఆమేన్ అంటాడు. తూకం సరిపోతే ఆమేన్, బేరం కుదరకపోయినా ఆమేన్. బజారంతా ఆయన్ని ఆమేన్ బాబాయి అనే పిలుస్తుంది. అసలు పేరేమిటంటే పాస్టరు గారు కూడా కాస్త ఆలోచించి చెప్పాలి. కానీ ఈసారి అన్నది అలవాటుగా వచ్చిన ఆమేన్ కాదు, కడుపులోంచి తన్నుకొచ్చింది. వచ్చాక గుండె గతుక్కుమంది. ఎందుకంటే గంట ఆయనకి స్పష్టంగా వినపడింది.

రిఫరీ అప్పటికే గంట బల్లవైపు తిరిగి ఉన్నాడు, చూడలేదు. చూసినవాడు ఎర్ర బనియను పిల్ల అన్న, టైర్ల కొట్టువాడు. చెల్లెలి మూలలో తువ్వాలూ నీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డవాడు వాటిని విసిరికొట్టి, తాళ్ళమీంచి లోపలికి దూకాడు. "గంటయ్యాక కొట్టింది సార్. గంటయ్యాక. అందరికీ కళ్ళు పోయాయా" అంటూ రిఫరీ చొక్కా పట్టుకున్నాడు. ఇద్దరు మనుషులు వాణ్ణి మెడపట్టి కిందికి ఈడ్చారు. మోచెయ్యి ఇనప మెట్టుకి ఒరుసుకుని చర్మం లేచిపోయింది. వాడు పడ్డాక కూడా ఒకడు డొక్కలో కాలుతో పొడిచాడు. బల్ల దగ్గర నాలుగు తలలు దగ్గరికి చేరి, విడిపోయాయి. గంటా దెబ్బా ఒకేసారి పడ్డాయట. మూలలో ఉండే సొంత మనిషి మాట లెక్కలోకి రాదట. నీలం బనియను పిల్ల చెయ్యి పైకెత్తారు.

ఆ గెలుపుతో జట్టులో చోటు ఖాయం. జట్టులో ఉన్నవాళ్ళకి ప్రభుత్వ ఉద్యోగం ఖాయం. ఇద్దరు పిల్లలూ దానికోసమే బరిలోకి ఎక్కారు, ఒకతే మిగిలింది. హాలంతా చప్పట్లు కొడుతుంటే ఆమేన్ బాబాయి కూడా కొట్టాడు. కూతురు మాత్రం చెయ్యి పైకి లేచినా తల ఎత్తలేదు.

*

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. సాయంత్రం భోజనానికి ముందు నలుగురూ చాపమీద కూర్చోవాలి. ఆ రోజు చేసిన తప్పు ఎవరిది వాళ్ళు పైకి చెప్పాలి. అందరూ చెప్పేదాకా గిన్నె మూత లేవదు. చాపమీద చెప్పిన తప్పుకి దెబ్బ లేదు, తిట్టు లేదు, మర్నాడు దెప్పడం అసలే లేదు. ఈ చట్టం చేసింది ఆమేన్ బాబాయే, పెద్దకూతురికి మాటలొచ్చిన ఏడాది.

పిల్లలు మార్కుల కాగితం తెస్తే "పక్కదాని పుస్తకంలోకి చూడలేదుగా" అని అడిగేవాడే తప్ప ఎన్ని వచ్చాయని అడిగిన పాపాన పోలేదు. పెద్దది గుద్దులాటలో కప్పులు తెస్తే మంచం కిందికి తోసేవాడు. ఒకదాంట్లో బట్టల క్లిప్పులు, ఇంకోదాంట్లో ఉల్లిపాయలు చేరాయి. "పైకి రావడమంటే దేవుడి దగ్గరికి రావడమే. ఉద్యోగం తిండి పెడుతుంది, అంతకంటే దాని చేతకాదు" అనేవాడు. పిల్లల కాళ్ళకి బంధాలు వేస్తున్నాడని బంధువులు చెవులు కొరుక్కునేవాళ్ళు. ఆయన ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేవాడు.

ఆ సాయంత్రం మాత్రం కొత్త కప్పు అలమార పైఅరలో, బైబిలు పక్కన మెరుస్తోంది. పెట్టింది ఆయనే. భార్య చూసి ఏమీ అనలేదు. ఆసుపత్రిలో ఆయా పని చేసే మనిషి, చూసి ఊరుకోవడం ఆవిడకి ఉద్యోగంలో భాగం.

తొమ్మిదేళ్ళ చిన్నకూతురు మొదలుపెట్టింది. "పళ్ళు తోముకోకుండానే తోముకున్నానన్నాను." తల్లి, వార్డులో ఒక ముసలాయన రెండోసారి దుప్పటి తడిపాడని విసుక్కున్నానంది. ఆమేన్ బాబాయి, ఎముకలెక్కువ వేశావన్న ఆడమనిషిమీద నోరు చేసుకున్నానన్నాడు. ఇక పెద్దది. వేళ్ళకి చుట్టిన గుడ్డపట్టీ ఇంకా విప్పలేదు. దాని కొసని వేలితో మడుస్తూ, విప్పుతూ కూర్చుంది.

"గంట విని కొట్టాను" అంది.

తల్లి చెయ్యి గిన్నె మూతమీద ఆగిపోయింది.

"కొడుతుంటే వినపడిందా, విన్నాక కొట్టావా?" అన్నాడు తండ్రి.

"విన్నాకే నాన్నా. తను చేతులు దించేసింది. చెవి కనపడింది. కొట్టాను. ఇంకో రౌండు అయితే నేను ఓడిపోయేదాన్ని."

ఇలాంటి సాయంత్రంకోసమే ఆయన ఇన్నేళ్ళూ చాప పరిచింది. పిల్ల అడక్కుండానే నిజం చెప్పింది, అదీ తనకి నష్టం తెచ్చే నిజం. సంతోషపడాల్సిన మనిషికి ఒళ్ళంతా చెమట పట్టింది. ఆ పిల్లకి వచ్చే ఉద్యోగం, ఇస్త్రీ చేసిన యూనిఫారం, రక్తం వాసన లేని చేతులు, హాలునుంచి ఇంటికి నడిచి వచ్చేలోపలే అవన్నీ కళ్ళముందు కట్టుకుని చూసేశాడాయన.

"ఆ గోలలో ఎవరికి ఏం వినపడుతుంది. నీకు వినపడలేదు. వినపడిందని ఇప్పుడనిపిస్తోంది, అంతే. అది తప్పు కిందికి రాదు. ఇంకోటి చెప్పు" అన్నాడు.

"ఇంకోటి లేదు."

"అయితే ఈ రోజు నీ వంతు లేదు." గిన్నె మూత ఆయనే తీశాడు.

చిన్నది తండ్రినీ అక్కనీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఆకలి గుర్తొచ్చి పళ్ళెం ముందుకి జరుపుకుంది.

*

మర్నాడు పొద్దున్న బేరాలు జోరుగా ఉన్న వేళ టైర్ల కొట్టువాడు వచ్చాడు. చేతిలో టైరు విప్పే ఇనపకడ్డీ ఉంది. ఆమేన్ బాబాయి మేక తొడ కీలు దగ్గర కత్తి పెట్టి, ఎక్కడ దిగాలో బొటనవేలితో వెతుకుతున్నాడు.

"మీ అమ్మాయికి గంట వినపడిందా, లేదా? అది చెప్పు చాలు" అన్నాడు వాడు.

"తర్వాత మాట్లాడదాం బాబూ. బేరాలున్నాయి."

"వినపడిందా, లేదా?"

"నేను మూడో వరసలో కూర్చున్నాను. నాకేం తెలుస్తుంది."

కడ్డీ భుజంమీద పడింది. ఎముక కదిలిన చప్పుడు ముందు ఆయన చెవులకే వినపడింది. ఎముకల చప్పుళ్ళలో పుట్టి పెరిగినవాడు, ఇది విరగలేదని వెంటనే తెలిసింది. కుడిచేతిలో పెద్ద కత్తి ఉంది. దానితో గొడ్డు వెన్ను ఒక్క దెబ్బకి రెండు చేస్తాడాయన. నిదానంగా దాన్ని మొద్దుమీద పెట్టాడు, అంచు గోడవైపు ఉండేలా. వాడు కడ్డీ పారేసి గుద్దడం మొదలుపెట్టాడు. ముక్కుమీద, నోటిమీద, కడుపులో. కొక్కేలకి వేలాడే మాంసం ఊగి ఆయన వీపుకి తగిలింది. కాళ్ళకింద నేల జిడ్డుగా ఉంది. ఆయన జారి పడ్డాడు, వాడు ఎక్కి కూర్చున్నాడు. ఆయన చేతులు రెండూ నేలమీదే ఉన్నాయి. వచ్చిన ఆడవాళ్ళు సంచులు వదిలేసి బయటికి పరిగెత్తారు.

పక్కనే రొట్టెల కొట్టు. దాని యజమానీ అతని తమ్ముడూ వచ్చి వాణ్ణి వెనకనుంచి లాగారు. చెప్పులు కుట్టేవాడూ వచ్చాడు, దారినపోయేవాళ్ళూ వచ్చారు. "బాబాయిని కొడతావా, దేవుడిలాంటి మనిషిని" అంటూ అందరూ కలిసి వాణ్ణి వీధిలోకి ఈడ్చి తన్నారు. తన్నేవాళ్ళకి ఎందుకు తంతున్నారో తెలియదు, అందుకని గట్టిగా తన్నారు. వాడు తలచుట్టూ చేతులు పెట్టుకుని ముడుచుకున్నాడు. ఒకడు వాడి కడ్డీనే తీసుకుని వాడి కాలిమీద వేశాడు. వాడు అరిచిన అరుపుకి పావురాలు లేచాయి.

ఆమేన్ బాబాయి గుమ్మం పట్టుకుని లేచి నిలబడి చూస్తున్నాడు. వదిలెయ్యండి అనాలి. ఆ మాట ఆయన నోటిలోకి రావడానికి రావలసినదానికంటే ఎక్కువ సేపే పట్టింది.

"వదిలెయ్యండి" అన్నాడు చివరికి. "చెల్లెలు ఓడిపోయిందని బాధ. చిన్నవాడు. వదిలెయ్యండి."

ఆ ముక్క చాలు. సాయంత్రానికి కథ బజారు దాటిపోయింది. చేతిలో అంత కత్తి ఉండి, కొట్టినవాణ్ణి కాపాడాడట. రొట్టెలాయన కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడట. పాస్టరు గారు స్వయంగా కొట్టుకి వచ్చి, వాచిన ఆ మొహాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని, "మేం మాటలు చెప్తాం బాబాయీ, మీరు చేసి చూపించారు. ఆదివారం సంఘంలో మీరు సాక్ష్యం చెప్పాలి" అన్నారు.

ఆమేన్ బాబాయికి ఒకటి మాత్రం బాగా తెలుసు. తాను చెయ్యెత్తకపోవడానికీ క్షమకీ ఏ సంబంధమూ లేదు. అసలు ఆ సమయంలో ఆయనకి కోపమే రాలేదు. భయం వేసింది. తిరగబడితే పోలీసులొస్తారు, పోలీసులొస్తే ఎందుకని అడుగుతారు, అడిగితే గంట దగ్గరికి వస్తుంది మాట. అందుకని పడి ఉండి తన్నులు తిన్నాడు. తిన్న తన్నులకి ఇప్పుడు సంఘం పూలమాల వేస్తానంటోంది.

*

"ఆ పిల్లని మా వార్డులోనే పెట్టారు" అంది భార్య ఆ సాయంత్రం, ఆయన భుజానికి వేణ్ణీళ్ళ కాపడం పెడుతూ.

ఆయన భుజం కాస్త ఇవతలికి లాక్కున్నాడు.

"చెవిలోపలి పొర చిరిగిందట. చీము పట్టకుండా మందులిస్తున్నారు. లేచి నిలబడితే గది గిర్రున తిరుగుతోందట. బాత్రూముకి నేనే తీసుకెళ్ళాను. గోడ పట్టుకుని నడుస్తోంది. నడుం చుట్టూ చెయ్యేస్తే గువ్వపిల్లలా ఉంది, ఇంత పిల్ల అంతంత గుద్దులు ఎలా గుద్దిందో." తడిగుడ్డ పిండింది. "వాళ్ళమ్మ నా చేతులు పట్టుకుంది. నువ్వు కన్నతల్లిలా చూస్తున్నావమ్మా అంది. మీరెవరో నేను చెప్పలేదు. నేనెవరో చెప్పలేదు."

"చెప్పి ఏం చేస్తావు."

"ఏం చేస్తానో నాకూ తెలీదు. ఎడమ పక్కనుంచి పిలిస్తే పలకట్లేదండీ. డాక్టరుగారు వస్తుందంటున్నారు, ఎప్పుడొస్తుందో అనట్లేదు." గుడ్డ మళ్ళీ వేణ్ణీళ్ళలో ముంచుతూ అంది, "మనవాళ్ళు వాడి కాలు కూడా విరగ్గొట్టారట కదా."

"విరగలేదు. బెణికింది."

"మీరు చూశారా?"

ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. వంటగది గుమ్మంలో పెద్దది నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. తండ్రి పెదవి చీలిన చోటు, ముక్కు దూలంమీద నల్లబడ్డ చోటు, ఒక్కొక్కటీ చూసింది. ఏ దెబ్బ ఏ చేత్తో పడిందో చూడగానే చెప్పగలదు అది.

"నావల్ల" అంది.

"నీవల్ల కాదు. వాడికి తలతిక్క. నువ్వు రేపు ప్రాక్టీసుకి వెళ్ళు" అన్నాడాయన.

అది వెళ్ళింది. కోచ్ సంతోషంగా ఫోను చేశాడు. అమ్మాయి సంచిని మామూలుగా కొట్టట్లేదట, కొట్టి కొట్టి చేతి పట్టీల్లోంచి రక్తం కారేదాకా కొట్టిందట, ఆపమన్నా ఆపలేదట. "ఇలాంటి కసి ఉండాలండీ" అన్నాడు. ఆమేన్ బాబాయి అవునవునంటూ ఫోను పెట్టేసి, కొట్టులో ఆ పూటంతా ఒక్క ఆమేనూ అనలేదు. కొనేవాళ్ళు దెబ్బల నొప్పి కాబోలనుకున్నారు.

*

శనివారం సాయంత్రం చాప పరిచారు. చిన్నదాని బడినుంచి ఆ మధ్యాహ్నమే కబురొచ్చింది, సోమవారం తల్లిదండ్రులు రావాలని. ఎందుకో చెప్పలేదు.

చిన్నది కాళ్ళు మడుచుకుని, చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చుంది. "పక్క బెంచీ పిల్ల చేతిలో కంపాసు గుచ్చాను" అంది.

"ఏమిటీ?" అంది తల్లి.

"గీతలు గీసే కంపాసు. ముల్లు ఉంటుంది కదా, అది. రక్తం వచ్చింది. టీచరు ఆపు ఆపు అన్నారు. రెండోసారి కూడా గుచ్చాను."

"ఆపమన్నాక ఎందుకు గుచ్చావే?"

చిన్నది తండ్రివైపు చూసింది. ఆ చూపులో భయం లేదు, పాఠం అప్పజెప్పే పిల్ల ధీమా ఉంది. "నాకు వినపడలేదు. వినపడకపోతే తప్పు కిందికి రాదు కదా నాన్నా" అంది. కాస్త ఆలోచించి, "నిజానికి వినపడింది. కానీ గోలగా ఉంది" అని కలిపింది.

ఆయన చెయ్యి ఎప్పుడు లేచిందో ఆయనకే తెలియదు. వెడల్పాటి చెయ్యి, ఏళ్ళ తరబడి కత్తి పట్టిన చెయ్యి. చెంపమీద పడితే చిన్నది పక్కకి ఒరిగి, గిన్నె తన్నుకుని, గోడకి కొట్టుకుంది. కూర చాపమీద ఒలికింది. నోరు తెరిచింది కానీ ఏడుపు రాలేదు, ఊపిరే ఆగిపోయింది పిల్లకి. ఆయన మళ్ళీ చెయ్యెత్తాడు. ఎవరిని కొడుతున్నాడో అప్పటికి ఆయనకే తెలియడం లేదు.

ఆ చెయ్యి గాలిలోనే ఆగింది. పెద్దది మణికట్టు పట్టుకుంది. ఆయన విదిలించాడు, వదలలేదు. బలంగా లాగాడు, భుజం నొప్పి కళ్ళలోకి వచ్చింది, అయినా వదలలేదు. మేకని మెడపట్టి ఆపగలిగిన మనిషి కూతురి పట్టు విడిపించుకోలేకపోయాడు.

"చాపమీద ఉన్నాం నాన్నా" అంది పెద్దది.

అరవలేదు. మామూలుగానే అంది. అప్పుడు చిన్నదాని ఏడుపు బయటికి వచ్చింది. తల్లి దాన్ని ఒళ్ళోకి లాక్కుని చెంప చూసింది. నాలుగు వేళ్ళూ తేలి ఉన్నాయి. "ఇన్నేళ్ళలో చాపమీద చెయ్యెత్తలేదు మీరు" అని మాత్రం అని, పిల్లని ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు ఎవరూ తినలేదు. పెద్దది మోకాళ్ళమీద కూర్చుని, ఒలికిన కూర గుడ్డతో ఎత్తి, చాప కడిగి ఆరేసింది. ఆమేన్ బాబాయి గుమ్మంలో కూర్చుని తన అరచెయ్యి చూసుకున్నాడు. ఒక్కసారి చెప్పిన అబద్ధం రెండు రోజుల్లో చిన్నదాని నోటికి ఎంత నున్నగా పట్టిందో తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయినా పెద్దదాన్ని పిలిచి, నువ్వన్నదే నిజమమ్మా అని చెప్పడానికి ధైర్యం చాలలేదు. జట్టు సోమవారం బయల్దేరుతుంది. సోమవారం గడిచిపోతే అన్నీ సర్దుకుంటాయనుకున్నాడు.

*

ఆదివారం ప్రార్థన మందిరం కిక్కిరిసింది. పాస్టరు గారు క్షమ గురించి చెబుతూ చెబుతూ ఆమేన్ బాబాయి దగ్గరికి వచ్చేశారు. కత్తి గురించి చెప్పారు, అంచు గోడవైపు తిప్పి పెట్టడం గురించి చెప్పారు. అది కూడా ఎవరో చూశారన్నమాట. "రెండో చెంప చూపించిన మనిషి మన మధ్యే కూర్చుని ఉన్నాడు" అనగానే స్తోత్రం స్తోత్రం అంటూ జనం వెనక్కి తిరిగారు.

"లేచి రెండు మాటలు చెప్పండి."

ఆయన లేచాడు. తెల్ల చొక్కా, నల్లబడ్డ కన్ను. పక్కన భార్య, భార్య ఒళ్ళో చిన్నది, దాని చెంపమీద ఇంకా కమిలిన రంగు. ఆ చివర పెద్దది.

"అంతా దేవుడి కృప" అన్నాడు. "నాదేం లేదు."

ఆ రెండో మాట నిజం. అదొక్కటే నిజం. దాన్ని కూడా జనం వినయం కింద జమ కట్టుకుని చప్పట్లు కొట్టారు. చప్పట్ల మధ్యలో పెద్దది లేచింది. వరసలో మోకాళ్ళు తప్పించుకుంటూ బయటికి నడిచింది, వెనక్కి చూడకుండా. గుమ్మంలో చెప్పులు వేసుకోవడం కిటికీలోంచి ఆయనకి కనపడింది.

"ఎక్కడికది?" అన్నాడు కూర్చుంటూ.

"మీకు తెలీదా?" అంది భార్య. "వెళ్ళండి. దాన్ని ఒక్కదాన్నే పంపకండి."

ఆపడానికి వెళ్ళమందో, తోడు వెళ్ళమందో ఆయన అడగలేదు. ఆపాలనే బయల్దేరాడు.

*

ఆయన చేరేసరికే పోటీ జరిగిన హాల్లో అంతా అయిపోయింది. బల్ల వెనక పోటీల కమిటీ కార్యదర్శి కూర్చుని కణతలు నొక్కుకుంటున్నాడు. కోచ్ అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. పెద్దది ఎదురుగా నిలబడి ఉంది, గుడికి వేసుకున్న బట్టల్లోనే, దాని ఎడమ చెంప ఎర్రగా కంది ఉంది. కొట్టింది కోచే. తలుపు పక్క బెంచీమీద టైర్ల కొట్టువాడు, నుదుటికి కట్టు, కాలికి కట్టు. చెల్లెలి మందుల బిల్లులకైనా సంతకం పెట్టమని అడగడానికి వచ్చి, పొద్దున్నించీ అక్కడే కూర్చున్నాడట.

"రండి రండి, మీకే ఫోను చేద్దామనుకుంటున్నాం" అన్నాడు కోచ్. "మీ అమ్మాయికి మతిపోయింది. గంట విని కొట్టానంటోంది. ఇలా ఎవరైనా వచ్చి చెప్తారా? ఆవిడ గారి మనస్సాక్షికి నా ఆరేళ్ళ కష్టం బలి."

కార్యదర్శి చెయ్యెత్తి కోచ్‌ని ఆపాడు. నెమ్మదస్తుడు. "చూడండి, ఫలితం ప్రకటించేశాం. పేర్లు పైకి వెళ్ళిపోయాయి. ఆ పిల్లకి దెబ్బ తగిలిందని మీ అమ్మాయి కుమిలిపోతోంది, ఆ కుమిలిపోవడంలో ఏదో అంటోంది. పిల్లలు అంటారు. మీరు పెద్దవారు, మీ గురించి ఊరంతా చెప్పుకుంటోంది. మీ మాట చాలు నాకు. ఆ రోజు ఇంటికొచ్చి మీతో ఏమంది? గంట వినపడలేదనే కదా?"

అబద్ధానికి తలుపు పూర్తిగా తెరిచి పెట్టాడు కార్యదర్శి. లోపలికి నడవడమే. ఆమేన్ బాబాయి నోటిలో మాట సిద్ధంగా ఉంది కూడా. అవునండీ, వినపడలేదనే అంది. ఎంత చిన్న మాట. కూతురివైపు చూశాడు, ధైర్యం కోసమో, ఒప్పుకోమని బతిమాలడానికో.

కూతురు మొహం తిప్పేసుకుంది.

కోపంతో తిప్పుకోలేదు. అలా కోపంతో తిప్పుకుని ఉంటే ఆయన ఆ మాట అనేసి ఉండేవాడు. గోడవైపు తిరిగి, తల వంచుకుని, కళ్ళు మూసుకుంది. తాగి ఒంటిమీద బట్ట లేకుండా పడిపోయిన తండ్రిని చూడకూడదని, వెనక్కి వెనక్కి నడిచివచ్చి దుప్పటి కప్పిన కొడుకుల బైబిలు కథ పిల్లలకి చెప్పింది ఆయనే, చాపమీద, ఎన్నోసార్లు. ఇప్పుడు తన కూతురు అలాగే నిలబడింది. నాన్న అబద్ధం చెప్తాడని దానికి తెలుసు. చెప్పేటప్పుడు చూడకూడదని తిరిగింది.

ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు.

"వినపడిందనే చెప్పింది" అన్నాడు. "ఆ రోజే చెప్పింది. విని కొట్టానంది. నేనే కాదన్నాను. నాకూ వినపడింది, మూడో వరసలోకి."

కోచ్ అక్కడున్న స్టూలుని ఒక్క తన్ను తన్నాడు. అది వెళ్ళి గోడకి తగిలి కాలు ఊడింది. కార్యదర్శి ముందున్న కాగితాలు దొంతరగా సర్దాడు. తర్వాత లేచి, ఈమె పేరు జట్టులోంచి తీసేస్తున్నామనీ, ఏడాదిపాటు ఏ పోటీలోకీ రానివ్వమనీ, ఆ తర్వాత సంగతి అప్పుడు చూస్తామనీ బల్లకే చెప్తున్నట్టు చెప్పాడు. ఉద్యోగం మాట ఎవరూ ఎత్తలేదు, ఎత్తక్కర్లేదు.

బెంచీమీంచి టైర్ల కొట్టువాడు లేచాడు. కుంటుకుంటూ వచ్చి ఆమేన్ బాబాయి ఎదురుగా నిలబడ్డాడు.

"నీకు తెలుసు" అన్నాడు. "నన్ను వీధిలో వేసి తన్నుతుంటే నీకు తెలుసు. గుమ్మంలో నిలబడి చూశావు."

"తెలుసు."

వాడు గుద్దాడు. పాత దెబ్బమీదే పడింది, చీలిన పెదవి మళ్ళీ విచ్చుకుంది. ఈసారి ఆమేన్ బాబాయికి కోపం వచ్చింది. ఒళ్ళు తెలియని కోపం. కూతురి ముందు, అంతా ఒప్పేసుకున్నాక, ఉన్నదంతా పోగొట్టుకున్నాక ఇంకా కొడతాడా వీడు. పిడికిలి బిగిసింది, భుజం నొప్పి ఏమైపోయిందో తెలియలేదు. కుంటివాడు, ఒక్క దెబ్బకి లేవడు. ఆయన బరువు కుడికాలిమీదికి మారింది. కూతురు అది చూసింది. బరువు మారడమంటే ఏమిటో ఆ గదిలో దానికే బాగా తెలుసు. అయినా అడ్డం రాలేదు. చూస్తూ నిలబడింది.

పిడికిలి విప్పడం ఆయనకి చేతకాలేదు. వేళ్ళు మాట వినలేదు. రెండో చేత్తో ఆ చేతిని పట్టుకుని, పొట్టకి అదిమిపెట్టుకుని నిలబడ్డాడు. వాడు ఇంకోటి కొట్టాడు. మూడోది కూడా కొట్టాడు. ఆపేవాళ్ళు ఎవరూ లేకపోవడంతో వాడికే ఏం చెయ్యాలో తోచక చెయ్యి దించేశాడు. వెళ్ళి బెంచీమీద కూలబడి, కట్టు ఉన్న తలని గోడకి ఆనించి, గట్టిగా ఏడ్చాడు.

ఎవరూ స్తోత్రం అనలేదు. కార్యదర్శి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కోచ్ ఊడిన స్టూలు కాలు చేత్తో పట్టుకుని, "తండ్రీకూతుళ్ళు కలిసి నన్ను ముంచేశారు" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

పెద్దది బరి పక్కనున్న బకెట్టూ నీళ్ళ సీసా తీసుకొచ్చింది. తండ్రిని మూల మెట్టుమీద కూర్చోబెట్టి, ఎదురుగా మోకాళ్ళమీద కూర్చుంది. గడ్డం పట్టుకుని మొహం వెలుతురువైపు తిప్పి చూసింది.

"పుక్కిలించు" అంది.

"నీ ఉద్యోగం పోయిందమ్మా."

"మింగకు నాన్నా. ఉమ్మెయ్."

ఆయన ఉమ్మాడు. బకెట్టులో నీళ్ళు ఎర్రబడ్డాయి. ఒక పన్ను కూడా వచ్చింది. రక్తం పలచబడేదాకా పుక్కిలి పట్టించి, తువ్వాలు మడిచి పెదవికి అదిమి, "గట్టిగా పట్టుకో" అని ఆయన చెయ్యే దానిమీద పెట్టింది. అప్పటికి ఆ వేళ్ళు తెరుచుకున్నాయి.

తర్వాత లేచి, నీళ్ళ సీసా పట్టుకుని టైర్ల కొట్టువాడి దగ్గరికి వెళ్ళింది. అతను తల ఎత్తలేదు, సీసా అందుకోలేదు. ఆమె దాన్ని వెనక్కి తీసుకోలేదు. చెయ్యి చాపి అక్కడే నిలబడింది.